ఒక్క ఓటు మీద నిలబడ్డ రాజ్యాంగం

ఏ ఆఫీసు క్యాంటీన్‌లో అయినా సరే, రాజకీయాల మాట వచ్చిన ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు ఈ డైలాగు వదులుతారు: "అసలు మన దేశానికి ఓ పదేళ్ళు డిక్టేటర్ కావాలి బాస్. ఈ కోర్టులు, స్టేలు, పార్లమెంటులో గొడవలు... ఇవన్నీ ఉన్నంతకాలం ఏ పనీ అవ్వదు." చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపుతారు. చిత్రమేంటంటే, ఆ తలలూపినవాళ్ళే సీటు దగ్గరికెళ్ళాక, ఎవరైనా తన కోడ్ తనే రివ్యూ చేసుకుని, తనే టెస్ట్ చేసుకుని, తనే ప్రొడక్షన్‌లో పెట్టేశాడని తెలిస్తే గొల్లుమంటారు. ఎంత సీనియర్ అయితే మాత్రం ఇంకొకరు చూడక్కర్లేదా అంటారు.

ఆ "ఇంకొకరు చూడటం" అన్నదాన్నే రాజ్యాంగం భాషలో చెక్స్ అండ్ బ్యాలెన్సెస్ అంటారు. చట్టం చేసేది ఒకరు, అమలు చేసేది ఒకరు, అది సరిగ్గా ఉందో లేదో తేల్చేది మరొకరు. స్కూల్లో సివిక్స్ పుస్తకంలో మూడు డబ్బాలు గీసి, మధ్యలో బాణాలు పెట్టి చెప్పారు మనకి. ఆ బొమ్మ చూస్తే అదేదో 1950 జనవరి 26న ఇన్‌స్టాల్ చేసేసి, అప్పట్నుంచీ దానంతటది నడుస్తున్న యంత్రం అనిపిస్తుంది. నిజానికి ఆ బాణాల్లో ముఖ్యమైనది ఒకటి 1950లో లేదు. దాని కోసం ముప్పై ఏళ్ళ కొట్లాట జరిగింది. అందులో మన తెలుగువాళ్ళ పాత్ర కూడా గట్టిగానే ఉంది. ఈ టపా ఆ కొట్లాట గురించి. కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

ముందు సిద్ధాంతం రెండు ముక్కల్లో. అధికారం అంతా ఒకే చేతిలో ఉంటే స్వేచ్ఛ ఉండదని 1748లో ఫ్రాన్సులో మాంటెస్క్యూ రాశాడు. 1787లో అమెరికా వాళ్ళు రాజ్యాంగం రాసుకుంటూ దాన్ని దాదాపు అక్షరాలా అమలు చేశారు. అక్కడ ప్రెసిడెంటు కాంగ్రెస్‌లో సభ్యుడు కాడు. కాంగ్రెస్ చేసిన బిల్లుని ఆయన వీటో చేయొచ్చు, ఆ వీటోని మూడింట రెండొంతుల ఓట్లతో కాంగ్రెస్ తోసిపుచ్చొచ్చు. జడ్జీని ప్రెసిడెంటు ఎంపిక చేస్తే సెనేట్ ఒప్పుకోవాలి. అంటే గొడవ పడటానికే కట్టిన ఇల్లు అది.

మనం తీసుకున్నది బ్రిటిష్ పద్ధతి. ప్రధానమంత్రి, మంత్రులు పార్లమెంటులోంచే వస్తారు. లోక్‌సభలో మెజారిటీ ఉన్నవాళ్ళదే ప్రభుత్వం. కాబట్టి కాగితం మీద డబ్బాలు మూడున్నా, ఒకే పార్టీకి పెద్ద మెజారిటీ వచ్చిన రోజున మొదటి రెండు డబ్బాలూ కలిసి ఒకటైపోతాయి. ఇక మిగిలేది ఓ పక్క కోర్టు, ఇంకోపక్క సంతకం పెట్టే రాష్ట్రపతి, అప్పుడప్పుడూ అడ్డుపడే రాజ్యసభ. బ్రిటన్‌లో పార్లమెంటుదే ఆఖరి మాట, అక్కడ రాసిపెట్టుకున్న ఒకే రాజ్యాంగ గ్రంథమంటూ లేదు. మనకి ఉంది. అందులో ప్రాథమిక హక్కులున్నాయి, వాటికి విరుద్ధంగా చేసిన చట్టం చెల్లదని 13వ అధికరణంలో రాసి ఉంది. ఆ రాజ్యాంగాన్నే పార్లమెంటు సవరించొచ్చని 368వ అధికరణంలో కూడా రాసి ఉంది. సరిగ్గా ఈ రెండిటి మధ్యే చిక్కంతా. చట్టం హక్కులకి అడ్డొస్తే కోర్టు కొట్టేస్తుంది, సరే. పార్లమెంటు ఆ హక్కునే సవరణతో తీసేస్తే?

ఈ ప్రశ్న రావడానికి ఎంతోకాలం పట్టలేదు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన ఏడాదిన్నర లోపే, 1951లో, మొదటి సవరణ వచ్చింది. జమీందారీ రద్దు చట్టాల్ని కోర్టులు ఆస్తి హక్కు పేరుతో ఆపుతున్నాయని నెహ్రూ ప్రభుత్వం తొమ్మిదో షెడ్యూల్ అని కొత్తగా ఒకటి తగిలించింది. అందులో పెట్టిన చట్టాన్ని హక్కులకి విరుద్ధమంటూ కోర్టులో సవాలు చేయకూడదు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. అప్పట్లో కోర్టులు కాపాడుతున్నది సామాన్యుడి స్వేచ్ఛనేమీ కాదు, చాలావరకు భూస్వాముల ఆస్తుల్ని. "ఓట్లేసి గెలిపించిన మమ్మల్ని ఆపడానికి మీరెవరు" అని పార్లమెంటు అడిగితే అందులో న్యాయం లేదని అనలేం. ఈ కథలో ఒకరు హీరో, ఒకరు విలన్ అని గీత గీసేస్తే అర్థం కాదు.

సుప్రీంకోర్టు కూడా మొదట పార్లమెంటు వైపే మొగ్గింది. 1951లో శంకరీ ప్రసాద్ కేసులో ఐదుగురు జడ్జీలూ హక్కుల్ని కూడా సవరించొచ్చు అన్నారు. 1964లో సజ్జన్ సింగ్ కేసులోనూ అదే మాట, కానీ ఈసారి ఐదుగురిలో ఇద్దరికి అనుమానం వచ్చింది.

ఇంతలో మన రాష్ట్రంలో ఒక సంగతి జరిగింది. కర్నూలు జిల్లాలో బస్సు రూట్ల జాతీయీకరణ కేసు. ఆ రూట్ల ఎంపిక వెనక రాజకీయ కక్ష ఉందని ప్రైవేటు బస్సు యజమానులు సుప్రీంకోర్టుకెళ్ళారు. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి మీద వచ్చిన ఆరోపణల్ని కాదంటూ ఆయన తరఫున అఫిడవిట్ కూడా రాలేదని కోర్టు ఎత్తిచూపింది. 1964లో తీర్పు రాగానే సంజీవరెడ్డి రాజీనామా చేశారు. రాజీనామా చేయమని కోర్టు ఆదేశించలేదు. అసెంబ్లీలో మెజారిటీకి లోటూ లేదు. కోర్టు ఒక మాట అంటే కుర్చీ దిగిపోవాలని ఏ అధికరణంలోనూ రాసి లేదు. అయినా దిగిపోయారు. ఈ సంజీవరెడ్డి మళ్ళీ కథలోకి వస్తారు, గుర్తుపెట్టుకోండి.

ఇక రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. ఆంధ్ర హైకోర్టుకి మొదటి చీఫ్ జస్టిస్, తర్వాత సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్. 1967 ఫిబ్రవరి 27న, గోలక్‌నాథ్ కేసులో పదకొండుమంది జడ్జీల బెంచికి ఆయన అధ్యక్షుడు. పంజాబ్‌లో ఒక కుటుంబం తమ భూమి భూసంస్కరణల చట్టం కింద పోతోందని వేసిన కేసు అది. తీర్పు 6-5. రాజ్యాంగ సవరణ కూడా 13వ అధికరణం ప్రకారం ఒక చట్టమే, కాబట్టి ఇకమీదట ప్రాథమిక హక్కుల్ని తగ్గించే సవరణ ఏదీ పార్లమెంటు చేయడానికి వీల్లేదు అన్నారు. అయితే అప్పటిదాకా చేసిన సవరణల్ని మాత్రం కదపలేదు. అవి కొట్టేస్తే పదిహేనేళ్ళ భూసంస్కరణలన్నీ కుప్పకూలేవి. మన భాషలో చెప్పాలంటే పాత డేటా జోలికి పోకుండా కొత్త రూల్‌ని ముందుకి మాత్రమే వర్తింపజేశారు.

ఒక్క ఓటు తేడాతో పార్లమెంటు చేతులు కట్టేసిన తీర్పు ఇది. పైగా సుమారు ఆరు వారాలకే సుబ్బారావు చీఫ్ జస్టిస్ పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో జాకీర్ హుస్సేన్ మీద పోటీచేసి ఓడిపోయారు. నాకు సుబ్బారావు తీర్పుల మీద గౌరవం ఉంది. కానీ ఇది మాత్రం జీర్ణం కాదు. మొన్నటిదాకా ప్రభుత్వానికీ పౌరుడికీ మధ్య తీర్పు చెప్పినాయన ఇవాళ ప్రతిపక్షం టికెట్ మీద నిలబడితే, పాత తీర్పుని జనం ఏ కళ్ళతో చూస్తారు? ఇందిరా గాంధీకి "కోర్టులే ప్రగతికి అడ్డు" అని చెప్పుకోవడానికి అది బాగానే పనికొచ్చింది.

తర్వాత నాలుగేళ్ళూ దెబ్బకి దెబ్బ. 1969 జూలై 19న పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ వచ్చింది. సంతకం పెట్టినాయన తాత్కాలిక రాష్ట్రపతి వి.వి.గిరి. మర్నాడే రాష్ట్రపతి ఎన్నికలో పోటీ కోసం ఆయన రాజీనామా చేశారు. (ఆ ఎన్నికలో ఆయన చేతిలో ఓడిపోయిన కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి ఎవరనుకున్నారు? సంజీవరెడ్డే!) 1970 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ జాతీయీకరణ చట్టాన్ని 10-1 తేడాతో కొట్టేసింది. ఆ ఒక్కడూ జస్టిస్ ఎ.ఎన్.రే. ఈ పేరు కూడా గుర్తుపెట్టుకోండి. అదే ఏడాది రాజభరణాల రద్దు బిల్లు లోక్‌సభ దాటి రాజ్యసభలో ఒక్క ఓటు తక్కువై ఆగిపోయింది. సవరణ కుదరకపోతే పోనీ అని రాష్ట్రపతి ఆదేశంతో సంస్థానాధీశుల గుర్తింపే రద్దు చేశారు. డిసెంబర్లో సుప్రీంకోర్టు అదీ చెల్లదంది. ఇందిర లోక్‌సభ రద్దు చేసి ఎన్నికలకెళ్ళారు. 1971లో 352 సీట్లతో తిరిగొచ్చారు.

ఇంత మెజారిటీ వచ్చాక ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. 24వ సవరణ: రాజ్యాంగంలో ఏ భాగాన్నయినా పార్లమెంటు మార్చొచ్చు, సవరణ బిల్లు వస్తే రాష్ట్రపతి సంతకం పెట్టి తీరాలి. 25వ సవరణ: సంపద పంపిణీ కోసమని ప్రకటించి చేసిన చట్టాన్ని కొన్ని హక్కుల పేరుతో సవాలు చేయకూడదు, ఆ ప్రకటన నిజమో కాదో కోర్టు అడగనూకూడదు. 26వ సవరణతో రాజభరణాలు పోయాయి.

ఇప్పుడొచ్చింది అసలు కేసు. కేరళలో కాసరగోడ్ దగ్గర ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి. మఠం భూములు భూసంస్కరణల చట్టంలో పోతున్నాయని ఆయన కోర్టుకెక్కారు. అది చివరికి దేశం మొత్తానికి సంబంధించిన కేసయిపోయింది. పదమూడుమంది జడ్జీల బెంచి. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ అంతకన్నా పెద్ద బెంచి తీర్పు చెప్పలేదు. 1972 అక్టోబర్ 31న మొదలై అరవై ఎనిమిది రోజులు వాదనలు సాగాయి. స్వామీజీ తరఫున నానీ పాల్కీవాలా, కేరళ తరఫున హెచ్.ఎం.సీర్వాయ్, కేంద్రం తరఫున అటార్నీ జనరల్ నిరేన్ డే.

వాదనల్లో ఒక జర్మన్ ప్రొఫెసర్ పేరు వినపడింది, డీట్రిచ్ కాన్రాడ్. ఈయన 1965లో బనారస్ హిందూ యూనివర్సిటీలో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. సవరించే అధికారానికి హద్దు రాసి లేనంత మాత్రాన హద్దే లేదని కాదు, ఆ అధికారం ఎవరు ఇచ్చారో ఆ పునాదినే అది పెకలించలేదు అన్నది సారాంశం. ఒక జర్మన్‌కి ఈ బెంగ ఎందుకంటే, వాళ్ళ అనుభవం అలాంటిది. హిట్లర్ వైమార్ రాజ్యాంగాన్ని చించి పారెయ్యలేదు. 1933లో పార్లమెంటులో మూడింట రెండొంతుల ఓట్లతో ఒక చట్టం చేయించుకుని, చట్టాలు చేసే అధికారాన్ని తన మంత్రివర్గానికి బదిలీ చేయించుకున్నాడు. ప్రతిపక్ష సభ్యుల్ని జైళ్ళలో పెట్టి వేయించిన ఓట్లయినా, కాగితం మీద మాత్రం పద్ధతి ప్రకారమే. అందుకే యుద్ధం తర్వాత 1949లో రాసుకున్న రాజ్యాంగంలో కొన్ని సూత్రాల్ని ఎంత మెజారిటీ ఉన్నా సవరించరాదని జర్మన్లు ముందే రాసేసుకున్నారు. మనవాళ్ళు రాసుకోలేదు.

1973 ఏప్రిల్ 24న తీర్పు వచ్చింది. పదమూడుమందీ కలిపి పదకొండు తీర్పులు రాశారు. ఆరుగురు సవరణాధికారానికి హద్దులున్నాయన్నారు. ఆరుగురు హద్దుల్లేవన్నారు. మధ్యలో జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా. ఆయన చెప్పింది ఏమిటంటే: పార్లమెంటు రాజ్యాంగంలో దేన్నయినా మార్చొచ్చు, ఆస్తి హక్కుతో సహా. కానీ మార్చాక అది ఇంకా అదే రాజ్యాంగంగా మిగలాలి. దాని మౌలిక స్వరూపాన్ని చెడగొట్టకూడదు. ఈ ఏడో ఓటుతో 7-6. ఆ ఏడుగురిలో మన పి.జగన్మోహన్ రెడ్డి ఉన్నారు. సుప్రీంకోర్టుకి వెళ్ళకముందు ఆయన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చీఫ్ జస్టిస్. ఆ వైపున్న ఏ ఒక్కరు ఇటునుంచి అటు జరిగినా ఇవాళ మనం చదువుకునే రాజ్యాంగం వేరేగా ఉండేది.

విచిత్రం చూడండి. గోలక్‌నాథ్ తీర్పు పోయింది, పార్లమెంటుకి హక్కుల్ని సవరించే అధికారం తిరిగొచ్చింది. భూసంస్కరణలు నిలబడ్డాయి. స్వామీజీ భూములు ఆయనకి దక్కలేదు. అంటే ప్రభుత్వం అడిగినదాంట్లో చాలావరకు ఇచ్చేసి, ఆఖరి తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. దానికే కోపం వచ్చింది.

ఆ కోపం ఎంతంటే, తీర్పు మర్నాడు చీఫ్ జస్టిస్ సిక్రీ రిటైరవ్వగానే, సీనియారిటీలో ముందున్న షెలత్, హెగ్డే, గ్రోవర్ ముగ్గుర్నీ దాటేసి నాలుగో ఆయన్ని చీఫ్ జస్టిస్ చేశారు. ఆ ముగ్గురూ ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు రాసినవాళ్ళు. నాలుగో ఆయన జస్టిస్ ఎ.ఎన్.రే. ముగ్గురూ రాజీనామా చేశారు. జడ్జీల ఆలోచనా ధోరణి చూసుకునే ఎంపిక చేస్తామని మంత్రి మోహన్ కుమారమంగళం పార్లమెంటులోనే సమర్థించుకున్నారు. కోడ్ రివ్యూలో ఒప్పుకోని వాణ్ణి పీకేసి, ఒప్పుకునేవాణ్ణి రివ్యూయర్‌గా పెట్టుకోవడం అన్నమాట.

ఇక 1975. జూన్ 12న అలహాబాద్ హైకోర్టులో జస్టిస్ జగ్‌మోహన్‌లాల్ సిన్హా రాయబరేలీలో ఇందిర ఎన్నిక చెల్లదన్నారు. జూన్ 24న సుప్రీంకోర్టు సెలవుల జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ సగం స్టే ఇచ్చారు: ప్రధానిగా ఉండొచ్చు, లోక్‌సభలో ఓటు వేయకూడదు. జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ.

నన్ను అడిగితే ఈ ముప్పై ఏళ్ళ కథలో అతి ముఖ్యమైన గంటలు ఆ రాత్రివే. ఎమర్జెన్సీ ప్రకటనకి మంత్రివర్గం సలహా ఉండాలి. మంత్రివర్గం సమావేశమే కాలేదు. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ రాత్రికి రాత్రే సంతకం పెట్టేశారు. తెల్లారి ఆరింటికి మంత్రుల్ని పిలిచి సంగతి చెప్పారు. ఏ ఒక్కరూ ఎదురు నిలబడలేదు. తనిఖీ చేయాల్సిన రెండు గేట్లు, రెండింటి దగ్గరా మనుషులున్నారు, రెండూ తెరుచుకున్నాయి. రాజ్యాంగంలో లోపం లేకపోలేదు, కానీ ఆ రాత్రి ఫెయిలయింది రాజ్యాంగం ఒక్కటే కాదు.

ఆ తర్వాత వేగం చూడండి. ఇందిర అప్పీలు ఆగస్టు 11న సుప్రీంకోర్టు ముందుకి రావాలి. ప్రధాని ఎన్నికని కోర్టులు విచారించరాదన్న 39వ సవరణ ఆగస్టు 7న లోక్‌సభ, 8న రాజ్యసభ దాటింది. 9న రాష్ట్రాల అసెంబ్లీల ఆమోదం. 10న రాష్ట్రపతి సంతకం. నాలుగే రోజులు! "ఏ పనీ అవ్వదు" అనేవాళ్ళకి ఇదిగో, పని ఇలా అవుతుంది. అడిగేవాడు లేకపోతే రాజ్యాంగ సవరణ కూడా నాలుగు రోజుల్లో అయిపోతుంది.

నవంబర్ 7న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఐదుగురి బెంచిలో నలుగురు కేశవానంద కేసులో ప్రభుత్వం వైపు ఓటేసినవాళ్ళే. అయినా సరే, ఒక్కసారి తీర్పు వచ్చాక అది తమనీ కట్టిపడేస్తుంది కాబట్టి, ఆ మౌలిక స్వరూపం సూత్రం కిందే 39వ సవరణలోని ఆ భాగాన్ని కొట్టేశారు. ఎన్నిక మాత్రం చెల్లుతుందన్నారు, ఎందుకంటే ఈలోపు ఎన్నికల చట్టాన్నే వెనకటి తేదీ నుంచి మార్చేశారు. వెంటనే చీఫ్ జస్టిస్ రే కేశవానంద తీర్పునే తిరగదోడటానికి మళ్ళీ పదమూడుమందితో బెంచి వేశారు. పాల్కీవాలా రెండు రోజులు వాదించారు. అసలు పునఃసమీక్ష ఎవరడిగారన్న ప్రశ్నకి సరైన జవాబు దొరకలేదు. నవంబర్ 12న బెంచి రద్దయింది.

అంతా బాగానే ఉంది, కోర్టు గెలిచింది అనుకునేలోపు 1976 ఏప్రిల్ 28 వచ్చింది. జబల్‌పూర్ కేసు. ఎమర్జెన్సీలో విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్ళు హెబియస్ కార్పస్ అడగొచ్చా? అడగొచ్చని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. ప్రాణహానే జరిగినా కోర్టుకి వచ్చే దారి లేదా అని జస్టిస్ ఖన్నా అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదని అటార్నీ జనరల్ జవాబిచ్చారు. ఇంత విన్నాక కూడా నలుగురు జడ్జీలు ప్రభుత్వంతో ఏకీభవించారు. రే, బేగ్, చంద్రచూడ్, భగవతి. కాదన్నది ఖన్నా ఒక్కరే. ఆ తీర్పు రాస్తే తనకి చీఫ్ జస్టిస్ పదవి రాదని ఆయనకి ముందే తెలుసు. ఆ సంగతి ఆత్మకథలో రాసుకున్నారు. రాలేదు కూడా. 1977 జనవరిలో ఆయన్ని దాటేసి బేగ్‌ని చీఫ్ జస్టిస్ చేశారు. ఖన్నా రాజీనామా చేశారు.

అదే ఊపులో 42వ సవరణ. రాజ్యాంగ సవరణని ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదు, సవరించే అధికారానికి ఏ హద్దూ లేదు, లోక్‌సభ కాలం ఐదేళ్ళ నుంచి ఆరేళ్ళు. కాగితం మీద అన్ని దారులూ మూసేశారు. మిగిలిన దారి ఒకటే, ఎన్నికలు. అవి 1977 మార్చిలో జరిగాయి. ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది, రాయబరేలీలో ఇందిరే ఓడిపోయారు.

మన సంగతేంటి అంటారా? ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లుంటే 41 కాంగ్రెస్‌కే ఇచ్చాం. :) ఎమర్జెన్సీ మన ఊళ్ళని ఉత్తరాదిని తాకినట్టు తాకలేదనేది ఒక కారణం. జనతా పార్టీకి మిగిలిన ఆ ఒక్క సీటు నంద్యాల. గెలిచింది నీలం సంజీవరెడ్డి. పదమూడేళ్ళ కింద ఏ కర్నూలు జిల్లా బస్సు రూట్ల వల్ల ముఖ్యమంత్రి పదవి వదిలారో అదే జిల్లాలో. ఆ ఏడాదే ఆయన ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.

ఆయన సంతకంతోనే 44వ సవరణ అమల్లోకి వచ్చింది. ఇది నాకు చాలా ఇష్టమైన సవరణ, ఎందుకంటే ప్రతి క్లాజులోనూ ఆ రాత్రి జరిగిన తప్పొకటి కనిపిస్తుంది. మంత్రివర్గం లిఖితపూర్వకంగా సలహా ఇస్తేనే రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించాలి. "అంతర్గత కల్లోలం" చాలదు, సాయుధ తిరుగుబాటు ఉండాలి. నెలలోపు పార్లమెంటు ప్రత్యేక మెజారిటీతో ఒప్పుకోవాలి. ప్రాణానికీ వ్యక్తిస్వేచ్ఛకీ సంబంధించిన 21వ అధికరణాన్ని ఎమర్జెన్సీలో కూడా పక్కన పెట్టకూడదు. మంత్రివర్గం సలహాని రాష్ట్రపతి ఒకసారి వెనక్కి పంపొచ్చు. ఒక పెద్ద అవుటేజ్ తర్వాత కూర్చుని, ఎక్కడెక్కడ ఏది తప్పిందో రాసుకుని, ఒక్కోదానికీ రాసిన ఫిక్స్‌లలా ఉంటాయివి. దీంతోపాటే ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితాలోంచి పోయింది. మొదట్నుంచీ గొడవకి మూలమైన ఆ హక్కు అలా కథలోంచి తప్పుకుంది.

42వ సవరణలోని "కోర్టులో ప్రశ్నించరాదు, హద్దు లేదు" క్లాజులు మాత్రం రాజ్యసభలో కాంగ్రెస్ బలం వల్ల అప్పటికి పోలేదు. వాటిని 1980 జూలై 31న మినర్వా మిల్స్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. పరిమితమైన అధికారం ఇచ్చారు, ఆ అధికారాన్ని వాడుకుని దాన్నే అపరిమితం చేసుకోవడం కుదరదు అన్నది సారం. సివిక్స్ పుస్తకంలో లేని బాణం అప్పటికి స్థిరపడింది. గమనించారా, "మౌలిక స్వరూపం" అన్న మాట ఇప్పటికీ రాజ్యాంగం మూలపాఠంలో ఎక్కడా లేదు. అది కేస్ లా. ఒక్క ఓటుతో పుట్టి, ఎమర్జెన్సీని దాటుకొచ్చి నిలబడింది. 2007లో తొమ్మిదో షెడ్యూల్ చట్టాలకి కూడా (1973 ఏప్రిల్ 24 తర్వాత చేర్చినవాటికి) దీన్ని వర్తింపజేశారు. జబల్‌పూర్ తీర్పుని అధికారికంగా తప్పు అనడానికి 2017 దాకా పట్టింది. ఆధార్‌ని సవాలు చేసిన పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని చెబుతూ ఆ మాట రాసిన జడ్జీల్లో ఒకరు, 1976లో ప్రభుత్వం వైపు రాసిన చంద్రచూడ్ గారి అబ్బాయే.

ఇక్కడ ఆపేస్తే "కోర్టు జిందాబాద్" అని ముగించినట్టవుతుంది. నా అభిప్రాయం అది కాదు. 1973లో, 1977లో సీనియర్లని దాటేసిన చేదు అనుభవం తర్వాత, 1993లో సుప్రీంకోర్టు జడ్జీల నియామకాన్ని తన చేతుల్లోకే తీసుకుంది. అదే కొలీజియం. అంటే జడ్జీలే జడ్జీల్ని ఎంపిక చేస్తారు. 2014లో పార్లమెంటు 99వ సవరణతో నియామకాల కమిషన్ పెడితే, 2015 అక్టోబర్ 16న సుప్రీంకోర్టు 4-1తో కొట్టేసింది, అదే మౌలిక స్వరూపం పేరుతో. కాదన్న ఆ ఒక్కరూ కృష్ణా జిల్లా నుంచి వెళ్ళిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. కొలీజియంలో పారదర్శకత లేదని ఆయన తీర్పులో రాశారు. కార్యనిర్వాహక వర్గం చేతికి జడ్జీల ఎంపిక ఇస్తే ఏమవుతుందో 1973 చెప్పింది, నిజమే. కానీ తన నియామకాలు తనే చేసుకుంటూ, వాటిని మార్చే సవరణనీ తనే కొట్టేసే డబ్బాని ఎవరు చూడాలి? కోడ్ రివ్యూ సూత్రం జడ్జీలకి వర్తించదా?

మధ్యలో ఉన్న డబ్బా, అంటే చట్టసభ, ఈమధ్య కాలంలో అన్నిటికన్నా బలహీనపడిందని నాకనిపిస్తుంది. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక పార్టీ విప్ కాదని ఓటేస్తే సభ్యత్వమే పోతుంది. ఉద్దేశం మంచిదే. కానీ తన ప్రభుత్వాన్ని తనే ప్రశ్నించే ఎంపీ అనే జాతి దాంతో అంతరించింది. పోనీ ఫిరాయింపులైనా ఆగాయా అంటే, 2014 తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల అసెంబ్లీల్లోనూ ఏం జరిగిందో మీకు తెలుసు. గోడ దూకినవాళ్ళ మీద పిటిషన్లు స్పీకర్ దగ్గరే మగ్గిపోయాయి. అటు అడ్డుకోవాల్సినవాణ్ణి అడ్డుకోలేదు, ఇటు ప్రశ్నించాల్సినవాడి నోరు మూసింది.

మొత్తం మీద ఈ ముప్పై ఏళ్ళలో నాకు కనిపించింది ఇది. బలం వచ్చిన ప్రతివాళ్ళూ తలుపు లోపలినుంచి గడియ పెట్టుకోవాలనే చూశారు. 1967లో కోర్టు చూసింది, 1976లో పార్లమెంటు చూసింది, 2015లో మళ్ళీ కోర్టు చూసిందని నేనంటాను. ఎవరి కారణాలు వాళ్ళకి గొప్పవే. ఒకసారి ఆస్తి, ఒకసారి పేదరిక నిర్మూలన, ఒకసారి న్యాయవ్యవస్థ స్వాతంత్ర్యం. కాబట్టి కారణం ఎంత గొప్పగా ఉందో చూసి మోసపోకూడదు. ఒక కొత్త చట్టం, కొత్త సవరణ, కొత్త సంస్థ వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: దీన్ని కాదనే అధికారం ఇంకెవరికైనా మిగిలిందా? మిగిలితే, ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని ఎవరు నియమిస్తారు, ఎవరు తీసేస్తారు? మనకి నచ్చిన నాయకుడు తెచ్చిన చట్టమైతే ఈ ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి, ఎందుకంటే ఆ అధికారం రేపు నచ్చనివాడి చేతికి కూడా అలాగే వెళ్తుంది.

డిక్టేటర్ వస్తే పనులవుతాయా అంటే, అవుతాయి. నాలుగు రోజుల్లో 39వ సవరణ అయినట్టే అవుతాయి. కానీ ఆ రోజుల్లో ఆ పనిని ఆపింది రాష్ట్రపతీ కాదు, మంత్రివర్గమూ కాదు, రెండు సభల్లో ఏదీ కాదు. రెండేళ్ళ కింద 7-6 తేడాతో వచ్చిన ఒక తీర్పు. అంత సన్నటి దారం మీద నడిచొచ్చాం మనం. తెగలేదు కదా అని దారం గట్టిదనుకోవడం మాత్రం పొరపాటు.